నీలం పట్టీ, నల్ల గీత

మార్చి 4, సోమవారం

నిన్న పగడాలు వచ్చాయి. ఇన్నాళ్ళూ తొట్టిలో ఉత్త రాళ్ళూ ఉప్పునీళ్ళూ తిరుగుతుంటే, పళ్ళు చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు "చేపలు పోయాయా అమ్మా" అని నన్ను పరామర్శించేవారు. ఇవాళ ఎవరూ అడగలేదు. అందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. మా పళ్ళాసుపత్రిలో లోపలికి పిలవకముందే జనం నోరు తెరవడం ఇదే మొదటిసారి.

తొట్టి నా బల్లకు సరిగ్గా ఎదురుగా ఉంది. ఫోనెత్తి మాట్లాడుతూనే చూడొచ్చు. ఒక పగడం పుట్టగొడుగులా ఉంది, ఒకటి ఊదారంగు వేళ్ళలా. ఇంకొకటి పసుపుపచ్చగా, పువ్వులా. నీళ్ళు తగిలినప్పుడల్లా అది మెల్లగా తలూపుతోంది, ప్రార్థనలో మైమరిచినవాళ్ళలాగా. రెండు నారింజరంగు చేపలు దాన్ని వదలడం లేదు.

డాక్టరమ్మ గ్లవ్స్ తొడుక్కుంటూ వచ్చి చాలాసేపు నిలబడింది. ఇది నిలదొక్కుకుంటే తన స్నేహితురాళ్ళ ఆసుపత్రుల్లో కూడా పెట్టిస్తానని, ఈ తొట్టి పెట్టిన మా తమ్ముడికి మాటిచ్చింది. ఇచ్చింది వాడికే గానీ నా మొహం చూసి ఇచ్చింది. వాడిని ఇక్కడికి తీసుకొచ్చింది నేనే.

వాడు పెట్టి మూసేసినవి జిరాక్సు షాపు, ఫోను కవర్లు, దోమతెరలు. తర్వాత ఇది. మరదలు ఇదే ఆఖరని చెప్పేసింది. ఇది కూడా పోతే మా ఆయన తన స్నేహితుడి గోడౌనులో వాడికి ఒక ఉద్యోగం చూసి ఉంచారు. ఆయన వాడిని మొహం మీద ఏమీ అనరు, అన్నీ నాతోనే. "మీ తమ్ముడు ప్రతి వ్యాపారంలోనూ మునిగాడు. ఈసారి ముందుగానే నీళ్ళున్నది చూసుకున్నాడు" అన్నారు. నవ్వు ఆగలేదు నాకు. తర్వాత బాధేసింది.

తమ్ముడు చెప్పినవి మర్చిపోతానని రాసుకుంటున్నాను. పైన అందరికీ కనబడేది పెద్ద తొట్టి. దాని కింద చెక్క అరలో, తలుపుల వెనక, చిన్న తొట్టి. కింది తొట్టిలో ఉన్న పంపు నీళ్ళను పైకి తోస్తుంది. పైన నిండిన నీళ్ళు మూలనున్న దువ్వెన పళ్ళలాంటి సందుల్లోంచి పొర్లి, గొట్టంలో పడి, మళ్ళీ కిందికి వస్తాయి. పంపు ఎంత ఎక్కిస్తే గొట్టం అంత దించాలి. దించలేకపోతే పైది పొంగుతుంది. అందుకే గొట్టం సత్తా పంపు కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉండాలట. ఆ ఎక్కువను వాల్వు బిగించి సరిచేసుకోవాలి. పక్కన ఇంకో గొట్టం ఖాళీగా ఉంటుంది, మొదటిది మూసుకుపోతే ఆదుకోవడానికి. వాల్వు జోలికి ఎవరూ పోకూడదు.

నా పనులు రెండే. రోజూ పొద్దున కింది తొట్టిలో, వాడు అద్దానికి అంటించిన నీలం పట్టీ వరకు మంచినీళ్ళు పోయడం. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు కాదు, అందుకని మంచినీళ్ళే పోయాలి. బుధవారం, శనివారం పంపు ఆపి, పగడాలకు సిరంజితో మేత చల్లి, ఓ పావుగంట ఆగి, మళ్ళీ పంపు వేయడం.

కింద నీళ్ళు తగ్గి పంపు గాలి పీలిస్తే కాలిపోతుందట. "అది మాత్రం మర్చిపోకు అక్కా" అన్నాడు.

మార్చి 6, బుధవారం

మేత వేశాను. పసుపుపచ్చది రేకులు చాపి అందుకుంది. ఇంటికొచ్చి చెబితే ఆయన "జీతం లేకుండా ఇంకో సంసారమా" అన్నారు.

మార్చి 9, శనివారం

డాక్టరమ్మ ఫోనులో ఏదో వీడియో చూసింది. అందులో పగడాలు గాలికి చేలు ఊగినట్టు ఊగుతున్నాయట, మనవి నిద్రపోతున్నాయంది. తమ్ముడికి ఫోను చేస్తే పంపు మార్చేస్తానన్నాడు. వాడు ఎవరికీ కాదని చెప్పలేడు. అదే వాడి జబ్బు.

కింద చెప్పుల షాపాయన దవడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఈ మాటలన్నీ విన్నాడు. వాళ్ళ తోడల్లుడి ఇంట్లో ఇలాగే పెద్ద పంపు పెడితే గొట్టం సరిపోక, పొద్దున్నే లేచి చూసేసరికి మంచం కాళ్ళు నీళ్ళలో ఉన్నాయట. "చెప్పాను కదా అని కాదమ్మగారూ, నీళ్ళతో జాగ్రత్త. నా నెత్తిమీదే ఉన్నారు మీరు" అన్నాడు. దవడ వాచినా ఆయన మాటకు వాపు లేదు.

ప్రార్థనలో తమ్ముడి కోసం కాస్త ఎక్కువసేపు కూర్చున్నాను.

మార్చి 11, సోమవారం

నిన్న సెలవు కదా, తమ్ముడు ఒక్కడే వచ్చి కొత్త పంపు పెట్టి వెళ్ళాడు. పొద్దున ఫోను చేశాడు. గీత మార్చాను, చూసుకో అన్నాడు. ఎందుకని అడిగేలోపు ఒకాయన రక్తం కారుతున్న పన్ను చేత్తో పట్టుకుని వచ్చాడు. పెట్టేశాను.

తలుపు తీసి చూస్తే నీలం పట్టీ అలాగే ఉంది. దానికి అరచేయి వెడల్పు కింద నల్ల పెన్నుతో కొత్త గీత. నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గరే ఉన్నాయి. అంటే నీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ గీసేశాడన్నమాట. చిన్నప్పుడు నాన్న తలుపు చెక్క మీద మా ఎత్తులు గీసేవారు. వీడు నాన్న లేనప్పుడు మునివేళ్ళ మీద నిలబడి సొంతంగా గీసుకునేవాడు. ఆ గీతకు ఎదగడానికి వాడికి రెండేళ్ళు పట్టింది.

పెద్ద పంపుకు నీళ్ళు ఎక్కువ కావాలి గానీ తక్కువ ఎలా సరిపోతాయి? అది గాలి పీల్చదా? నాలాంటిదానికే తెలుస్తోంది.

పోనీలే. హడావిడిలో ఉండి ఉంటాడు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. నీలం పట్టీ వరకు పోసేశాను. వాడికి తెలియనక్కర్లేదు. నాకు వాడి మీద నమ్మకం ఉంది.

మార్చి 13, బుధవారం

మేత వేసి, పంపు మళ్ళీ వేసి, ఇద్దరిని లోపలికి పంపి వచ్చేసరికి తొట్టి వెనక గోడ పక్కన నేలంతా తడి. చెక్క అర కింద నుంచి వస్తోంది. ఎవరూ చూడకముందే తుడిచేశాను. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి ఏమిటంది. పైన ఏసీ ఉంది కదా, ఏసీ నీళ్ళేమో అన్నాను.

కింది తొట్టిలో నీళ్ళు నల్ల గీత దగ్గరికి దిగిపోయాయి. పాపం పంపు.

మార్చి 14, గురువారం

ఏసీయే అయి ఉంటుంది. పొద్దున నీలం పట్టీ వరకు పోశాను.

మార్చి 16, శనివారం

మళ్ళీ. ఈసారి ఎక్కువ. తుడిచేటప్పుడు వేలు నాలుక మీద పెట్టుకుని చూశాను.

ఉప్పు.

పైకి చూస్తే పెద్ద తొట్టిలో నీళ్ళు దువ్వెన పళ్ళ మీద మునుపటి కంటే రెండు వేళ్ళు ఎత్తున నిలబడి ఉన్నాయి. చెప్పుల షాపాయన అన్నదే నిజం. గొట్టం ఆ పంపును మోయలేకపోతోంది. పైనుంచి పొంగి వెనక నుంచి కారుతోంది. వెనక అద్దం తడిమి చూశాను. పొడిగా ఉంది. ఆరిపోయి ఉంటుంది.

తమ్ముడికి చెబితే పంపు పీకేస్తాడు, డాక్టరమ్మ ముందు మాట పోతుంది. చెప్పకపోతే నేను తుడుచుకుంటాను, అంతే కదా. తుడవడం నాకు కొత్తా. వాడి జిరాక్సు షాపు మూసేసినప్పుడు ఇంకు మరకలు తుడిచింది నేనే.

భగవంతుడా, వాడి తప్పు కప్పు. నాలుగు రోజులు గడిస్తే అదే సర్దుకుంటుంది.

మార్చి 18, సోమవారం

తమ్ముడు నిన్న వచ్చి నీళ్ళు పరీక్ష చేసుకున్నాడట. ఉప్పు తగ్గిందని ఫోను చేశాడు. "ఎందుకు తగ్గుతుంది అక్కా, ఉప్పుకు కాళ్ళుండవు కదా" అన్నాడు. మళ్ళీ ఉప్పు కలిపి వెళ్ళాడట.

నాకేం తెలుసు అన్నాను. నిజంగానే తెలియదు.

మార్చి 20, బుధవారం

నిచ్చెన భుజాన వేసుకుని ఏసీ మెకానిక్ వచ్చాడు. డాక్టరమ్మ పిలిపించింది. నా మాట నమ్మి. అంతా విప్పి, ఊది, తుడిచి, మళ్ళీ బిగించి, చెమటలు కక్కుతూ కిందికి దిగి, "మీ ఏసీ నాకంటే ఆరోగ్యంగా ఉందమ్మా" అన్నాడు. మంచినీళ్ళిచ్చాను.

అతను వెళ్ళాక మేత వేశాను. మళ్ళీ కారింది. ఈసారి డాక్టరమ్మే చూసింది. చెప్పు తడిసి జారబోయింది కూడా. తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి ఆదివారం వచ్చి చూడమంది.

మార్చి 21, గురువారం

పోశాను.

మార్చి 23, శనివారం

చెప్పుల షాపాయన మెట్లెక్కి వచ్చాడు, ఈసారి పన్ను కోసం కాదు. "అమ్మగారూ, ఊరందరికీ ఎండ, నాకొక్కడికే వానండీ" అన్నాడు. కిందికి తీసుకెళ్ళి చూపించాడు. పైకప్పు మీద గోధుమరంగు మరక, దాని అంచున ఒక చుక్క పడాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది. కింద వరసలో పెట్టిన ఆడవాళ్ళ చెప్పుల పెట్టెలు మెత్తబడిపోయాయి. మూత ఎత్తితే చేతికి ఊడి వచ్చింది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

బాత్రూము గొట్టమేమోనండీ అన్నాను. నా నోటంట అలా ఎలా వచ్చిందో.

పసుపుపచ్చ పగడం ముడుచుకుంది. రెండు రోజులుగా విచ్చుకోవడం లేదు. నారింజ చేపలు దాని పక్కన వచ్చి ఆగుతున్నాయి, మూసిన తలుపు ముందు నిలబడ్డట్టు.

ప్రార్థనలో కూర్చున్నాను గానీ ధ్యాసంతా ఆ చెప్పుల పెట్టెల మీదే.

మార్చి 24, ఆదివారం

తమ్ముడితో పాటు నేనూ వెళ్ళాను, సాయం ఉంటానని. నిజానికి వాడు ఏం కనిపెడతాడో చూద్దామని.

ఖాళీ ఆసుపత్రి వింతగా ఉంటుంది. లవంగ నూనె వాసన, గడియారం చప్పుడు, పంపు రొద. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని, చొక్కా చేతులు మడిచి, తలుపులు తీశాడు. నేను నీలం పట్టీ వరకు పోస్తున్నది తెలిసిపోతుందనుకున్నాను. కానీ నీళ్ళు నల్ల గీతకు కాస్త కిందే ఉన్నాయి. నిన్న మేత వేసినప్పుడు కారిపోయింది, ఇవాళ నేను పోయలేదు కదా.

బకెట్టు పెట్టి కొలిచాడు. పైకి వెళ్ళే గొట్టాన్ని బకెట్టులోకి తిప్పి, ఎంతసేపటికి నిండిందో నన్ను ఫోనులో చూడమన్నాడు. తర్వాత దిగే గొట్టాన్ని అదే బకెట్టులోకి. తేడా లేదు. వాడికి చెమటలు, నాకు ఇంకో రకం చెమటలు.

"నడుస్తున్నప్పుడు ఎంత ఎక్కితే అంత దిగాల్సిందే అక్కా" అన్నాడు. పంపు కాస్త ఎక్కువ తోస్తే పైన నీళ్ళు కాస్త ఎత్తు లేస్తాయట, ఎత్తు లేచేసరికి గొట్టంలోకి ఎక్కువ పోతాయట, అలా వాటంతట అవే సర్దుకుంటాయట. దించే గొట్టం సరిపోదనే భయం ఉంటే ఇదిగో చూడు అని, మొదటి గొట్టాన్ని గుడ్డతో పూర్తిగా మూసేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నీళ్ళన్నీ రెండో గొట్టంలోంచి దడదడ దిగుతున్నాయి. నేల మీద చుక్క లేదు.

వాడు గుడ్డ తీసేసి నేలమీద చతికిలబడ్డాడు. "అంతా సరిగ్గానే ఉంది. మరి ఎక్కడ కారుతోంది? ఉప్పు ఎక్కడికి పోతోంది?" అన్నాడు. నన్ను అడగలేదు. తొట్టిని అడిగాడు.

కాసేపటికి నన్నే అడిగాడు. "గీత వరకే పోస్తున్నావు కదా?"

"గీత వరకే" అన్నాను.

అద్దం మీద గుర్తులు రెండున్నాయి. ఏదని వాడు అడగలేదు.

మార్చి 27, బుధవారం

డాక్టరమ్మ ఇంకో తొట్ల మనిషిని పిలిపించింది. అతను అర తలుపులు కూడా తీయలేదు. పైనుంచి ఒక చూపు చూసి, పంపు ఎక్కువ, గొట్టం తక్కువ, చేసినవాడికి పని రాదు అని చెప్పి, టీ తాగి వెళ్ళాడు. అతను చెప్పింది నేను ఇన్నాళ్ళూ మనసులో అనుకున్నదే. అతని నోట వింటే ఒళ్ళు మండింది.

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. కుర్చీలో కూర్చోమంది. నేను ఎప్పుడూ కూర్చోని కుర్చీ, రోగులది. "మీ తమ్ముడు మంచివాడమ్మా. కానీ కింద ఆయన షాపు పాడవుతోంది. ఆదివారం తీసేయమని చెప్పాను, సరేనన్నారు" అంది. గట్టిగా అన్నా నేను ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.

ఇవాళ మేత వేయలేదు. నేల తడవలేదు. దాని గురించి ఆలోచించలేదు.

మార్చి 29, శుక్రవారం

తమ్ముడు ఇంటికి వచ్చాడు. గోడౌను ఉద్యోగం ఇంకా ఉందా బావా అని అడిగాడు. మా ఆయన ఒక్క హాస్యం కూడా ఆడలేదు. ఉంది, ఎప్పుడైనా చేరొచ్చు అన్నారు. వాడు వెళ్ళాక, "పాపం, ఈసారి బాగానే చేశాడనుకున్నాను" అని నాతో అన్నారు. ఆయన వాడిని గురించి ఆ మాట అనడం నేను ఎప్పుడూ వినలేదు.

వాడు మెట్లు దిగేటప్పుడు నాతో అన్నది కూడా రాసుకుంటాను. "చేసిన తప్పేంటో తెలిస్తే ఇంత బాధ ఉండదు అక్కా. ఎంత వెతికినా కనబడటం లేదు. అంటే నాకు కనబడని తప్పులు నేను చేస్తానన్నమాట. అలాంటివాడు ఈ పని చేయకూడదు."

నేను భుజం మీద చేయి వేశాను. ఇంకేం చేయగలను.

మార్చి 30, శనివారం

తొట్టికి ఇది ఆఖరి రోజు కదా అని, పొద్దున అలవాటు కొద్దీ నీలం పట్టీ వరకు నీళ్ళు పోశాను. మధ్యాహ్నం డాక్టరమ్మ త్వరగా వెళ్ళిపోయింది. రోగులు లేరు. పగడాలకు ఆఖరిసారి మేత వేసి వెళ్దామనుకున్నాను. పంపు ఆపాను. సిరంజితో చల్లాను. పసుపుపచ్చది విచ్చుకోలేదు, అయినా దాని పక్కన కాస్త ఎక్కువ వేశాను.

ఎప్పుడూ మేత వేసి నా బల్ల దగ్గరికి పోతాను. ఫోను మోగుతుంది, ఎవరో వస్తారు. ఇవాళ పోవడానికి ఏమీ లేదు. రేపు ఈ గోడ మళ్ళీ ఉత్త గోడ అవుతుంది. నేలమీదే కూర్చున్నాను, ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నట్టు. మేత సీసా లోపల పెడదామని తలుపు తీసి ఉంచాను.

పంపు రొద ఆగిపోయింది గానీ నీళ్ళ చప్పుడు ఆగలేదు. పైనుంచి గొట్టంలోకి దిగుతూనే ఉన్నాయి. దువ్వెన పళ్ళ మీద రెండు వేళ్ళు ఎత్తున నిలబడ్డ నీళ్ళన్నీ, తోసేవాడు లేడు కాబట్టి, తీరిగ్గా కిందికి వస్తున్నాయి. కింది తొట్టిలో నీళ్ళు నీలం పట్టీ దాటాయి. ఇంకా పైకి. అంచు దగ్గర ఉబ్బెత్తుగా నిలబడ్డాయి, పడవేమో అనుకున్నాను. ఆ తర్వాత వెనక వైపు నుంచి, శబ్దం లేకుండా, గోడ వెంట జారాయి.

లేవలేదు. గుడ్డ కూడా తేలేదు. నల్ల గీతకూ నీలం పట్టీకీ మధ్య ఉన్న అరచేయి వెడల్పు చోటు చూస్తూ కూర్చున్నాను. పంపు ఆగినప్పుడు పైనుంచి దిగే నీళ్ళ కోసం తమ్ముడు ఉంచిన చోటు అది. పంపు పెద్దదైతే పైన నీళ్ళు ఎక్కువ నిలుస్తాయి, ఆగితే ఎక్కువ దిగుతాయి, కాబట్టి కింద ఎక్కువ ఖాళీ ఉండాలి. అందుకే గీత కిందికి మార్చాడు. ఆ ఖాళీని రోజూ పొద్దున నేను నింపాను. ఉప్పునీళ్ళు కారిపోయాక వాటి చోట మంచినీళ్ళు పోశాను. వాడు వెతికిన ఉప్పు నా గుడ్డలోకి పోయింది.

పంపు వేశాను. తుడిచాను.

ఒక ఆలోచన వచ్చింది, అది కూడా రాస్తాను. రేపు పొద్దున, ఇంకొక్క వారం చూద్దామని డాక్టరమ్మనూ తమ్ముడినీ బతిమాలొచ్చు. సోమవారం నుంచి నల్ల గీత వరకే పోయొచ్చు. కారడం ఆగిపోతుంది. అంతా దేవుడి దయ అనొచ్చు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

అప్పుడు తమ్ముడు తనకు కనబడని తప్పు ఒకటి చేశానని బతికినంతకాలం అనుకుంటాడు.

ఇన్నాళ్ళూ వాడి తప్పు కప్పమని అడిగాను. తప్పు ఉందో లేదో చూపించమని ఒక్కరోజూ అడగలేదు.

మార్చి 31, ఆదివారం

బకెట్లూ, డ్రమ్ములూ, ఇద్దరు కూలీలూ. తమ్ముడు వాళ్ళను మెట్ల దగ్గర ఉండమన్నాడు. గొట్టం విప్పబోతుంటే ఆగమన్నాను. నేను పోసింది నీలం పట్టీ వరకని చెప్పాను.

వాడికి ముందు అర్థం కాలేదు. తర్వాత డబ్బాతో నీళ్ళు తెచ్చి, నీలం పట్టీ వరకు తనే పోశాడు. పంపు ఆపాడు. ఇద్దరం నిలబడి చూశాం. నీళ్ళు అంచు దాటి వాడి చెప్పుల కిందికి వచ్చాయి. వాడు కదల్లేదు.

"రోజూ పోశావా?"

"రోజూ."

"నల్ల గీత కనబడలేదా?"

కనబడలేదని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. నమ్మేవాడు కూడా. నాకు కళ్ళజోడు వచ్చి కొన్నాళ్ళయింది.

"కనబడింది."

"మరి?"

"తప్పు గీశావనుకున్నాను."

వాడు వంగి పంపు వేశాడు. నీళ్ళు పైకి లేచే చప్పుడు వచ్చేదాకా అలాగే వంగి ఉన్నాడు. లేచాక నా వైపు చూడలేదు, తొట్టి వైపే చూస్తూ అన్నాడు.

"పట్టీ నేనే పీకాల్సింది. ఎందుకు మార్చానో కూడా చెప్పాల్సింది, అది నా పొరపాటే. కానీ అక్కా, బావ నన్ను ఏమనుకుంటాడో నాకు తెలుసు. మా ఆవిడ ఏమనుకుంటుందో తెలుసు. నువ్వు అనుకున్నది మాత్రం నాకు తెలియలేదు చూడు."

నేల తుడవడానికి గుడ్డ తీసుకున్నాను. వాడు నా చేతిలోంచి గుడ్డ తీసుకుని తనే తుడిచాడు. పిండుతూ అన్నాడు.

"ఈసారి మునివేళ్ళ మీద నిలబడి గీయలేదు."

నవ్వాడో లేదో తెలియదు. మొహం కిందికి ఉంది.

కూలీలను పంపేశాడు. డాక్టరమ్మకు నువ్వే చెప్పు అన్నాడు. అది న్యాయమే.

ఏప్రిల్ 1, సోమవారం

చెప్పాను. ఏసీ, బాత్రూము గొట్టం, అన్నీ. డాక్టరమ్మ విని చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉంది. తర్వాత, "ఆ ఏసీ అతనికి కూడా ఒక ఫోను చెయ్యండమ్మా. ఆ రోజు పాపం నేను ఇంకోసారి చూడమని కసిరాను" అంది. నాకు కాఫీ పంపలేదు, రోజూ పంపేది. తొట్టి కొన్నాళ్ళు ఉంచి చూస్తానంది. స్నేహితురాళ్ళ మాట ఎత్తలేదు.

చెప్పుల షాపాయన దగ్గరికీ వెళ్ళాను. మీ తోడల్లుడి కథ నా బుర్రలో కూర్చుందండీ అనబోయి మానేశాను. ఆయన చేసిందేమీ లేదు. తడిసిన చెప్పుల్లో నా కొలతవి ఏరి కొనుక్కున్నాను. తొడుక్కుంటే కిర్రుమంటున్నాయి.

నీళ్ళు పోసే పని నాకొద్దని తమ్ముడితో అన్నాను. వేరేవాళ్ళను చూసుకో అన్నాను. "నువ్వే పొయ్యి" అన్నాడు. కోపంగా అన్నాడో ఎలా అన్నాడో ఫోనులో తెలియలేదు. గోడౌనులో ఎప్పుడు చేరతావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. వాడు చెప్పలేదు.

ఏప్రిల్ 3, బుధవారం

మేత వేశాను. పావుగంట అక్కడే కూర్చున్నాను. నీళ్ళు దిగాయి, నీలం పట్టీ దగ్గర ఆగాయి. నేల పొడి.

మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన హాస్యమాడతారనుకున్నాను. "అయితే ఇప్పుడు నేను కూడా వాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నారు. ఏం చెబుతారో ఆలోచిస్తున్నట్టున్నారు. తెగడం లేదు.

ఏప్రిల్ 6, శనివారం

పసుపుపచ్చది ఒక పక్క విచ్చుకుంది. రెండో పక్క తెల్లబడింది, అది రాదని తమ్ముడు అన్నాడు. రానిది తీసేయమంటావా అని అడిగితే, ఉన్నది బతికితే అదే పెరుగుతుంది, ఉండనీ అన్నాడు. వాడు ఇవాళ పనిరోజైనా వచ్చాడు. గోడౌనుకు వెళ్ళలేదన్నమాట. డాక్టరమ్మ వాడిని లోపలికి పిలిచి ఏదో మాట్లాడింది, తలుపు వేసి. ఏం మాట్లాడిందో అడగలేదు. వాడికి చెప్పాలనిపించినప్పుడు చెబుతాడు.

వాడు రాకముందే, పొద్దున తాళం తీసి వెళ్ళగానే, నీలం పట్టీని గోటితో గీకి పీకేశాను. కొంచెం జిగురు అద్దానికి అంటుకుని ఉండిపోయింది. నల్ల గీత వరకు నీళ్ళు పోశాను. డబ్బాలో ఇంకా సగం మిగిలాయి. గీత పైన అంత ఖాళీ కనబడేసరికి, ఇంకొంచెం పోస్తే ఏమవుతుందిలే అని చేయి దానంతట అదే లేచింది.

డబ్బా కింద పెట్టాను. తలుపు మూసేశాను.